టీవీ లేదని రాసుకోండి దొరా

క్షమించడం గొప్ప గుణమని చెప్పేవాళ్లంటే నాకు పడదు. వాళ్లలో చాలామందికి క్షమించాల్సినంత దెబ్బ ఎప్పుడూ తగిలి ఉండదు. నాకు తగిలింది. నాకంటే ముందు మా నాయనకు తగిలింది. కొట్టినవాడు కర్ర పట్టుకుని రాలేదు. మెడలో చిన్న రికార్డరు వేసుకుని వచ్చి, మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీ తిని, రెండోసారి కాఫీ అడిగి తాగి, చేతులు జోడించి నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

నేను హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మా నాయన ధర్మవరంలో ఉంటాడు. ముప్పై ఏళ్లు ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాడు. చిన్న ఊళ్ల విలేకరుల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెబుతున్నాను. వాళ్లకు జీతం ఉండదు. పండగలకూ నాయకుల పుట్టినరోజులకూ పత్రికకు ప్రకటనలు తెచ్చి ఇచ్చి, వాటి మీద వచ్చే కమీషనుతోనే బతకాలి. తేలేకపోతే విలేకరి కార్డు ఇంకొకరి చేతికి పోతుంది. పొద్దున ఎవరి మీద వార్త రాశారో, సాయంత్రం వాళ్ల గుమ్మం ముందే ప్రకటన కోసం నిలబడాలి. మా నాయన ఆ పని సిగ్గుపడుతూనే చేశాడు. కానీ సిగ్గుమాలిన రాత మాత్రం రాయలేదు.

ఒకసారి పట్టు నూలుకు రంగులద్దే షెడ్డు నీళ్లు తాగునీటి కాలువలో కలుస్తున్నాయని రాశాడు. ఆ షెడ్డు యజమానే ప్రతి ఏడూ ఉగాదికి పెద్ద ప్రకటన ఇచ్చేవాడు. రాయొద్దని కబురు పంపాడు. నాయన రాశాడు. ఆ ఏడు ప్రకటన లేదు, తర్వాతి ఏడు కార్డు లేదు. కార్డు మళ్లీ చేతికి వచ్చేదాకా ఏడాదిన్నర పాటు మా అమ్మ చీరలకు కుచ్చులు కట్టి ఇల్లు నడిపింది. ఆ వార్త కత్తిరింపు ఇప్పటికీ నాయన వైరు బుట్టలో ఉంది. ముప్పై ఏళ్ల కత్తిరింపులన్నీ ఆ బుట్టలోనే ఉంటాయి. ధర్మవరంలో ఆ ఎర్ర వైరు బుట్టను చూస్తే చాలు, మనిషిని చూడకుండానే ఎవరో చెప్పేస్తారు.

ఐరోపాలో ఒక చలిదేశపు విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకుడు వచ్చాడు. మీడియా, ప్రజాస్వామ్యం అతని విషయం. చిన్న ఊళ్లలో వార్త ఎలా పుడుతుంది, ఓటు వేసే చేతి దాకా ఎలా చేరుతుంది అన్నది తెలుసుకోవాలని అతని కోరిక. అనువాదానికి మనిషి కావాలని కాలేజీకి రాస్తే నన్ను చూపించారు. నేనే అతన్ని ధర్మవరం తీసుకెళ్లాను. నేనే మా నాయన ముందు కూర్చోబెట్టాను. ఈ తప్పు నాది, దీన్ని ఇంకెవరి మీదా తోయను.

నాయన మూడు రోజులు మాట్లాడాడు. రంగునీళ్ల కథ చెప్పాడు, కార్డు పోయిన కథ చెప్పాడు, బుట్టంతా నేల మీద పరిచి చూపించాడు. మధ్యలో నవ్వుతూ, "ప్రకటన ఇచ్చినోళ్ల ఫొటో కొంచెం పెద్దదే ఏస్తామప్పా, ఏం చేసేది?" అన్నాడు. నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పి, ఇది ఎందుకు జరుగుతుందో చెప్పబోయాను. పరిశోధకుడు చెయ్యి ఎత్తి ఆపాడు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చెప్పండి, మీకు తెలిసింది నాకు అక్కర్లేదు, మీ అభిప్రాయం కలిస్తే పరిశోధన చెడిపోతుంది అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మాట నేను బాగా గుర్తు పెట్టుకున్నాను.

ఏడాది తిరగకముందే అతని వ్యాసం వచ్చింది. అందులో రంగునీళ్లు లేవు. పోయిన కార్డు లేదు. మా అమ్మ కట్టిన కుచ్చులు లేవు. నాయకుల చెప్పుచేతల్లో నడిచే పత్రికారంగానికి ఉదాహరణగా, పట్టు నేసే ఊళ్లో ఎర్ర బుట్ట మోసే ఒక పెద్ద విలేకరి ఉన్నాడు. ప్రకటన ఇచ్చినవాళ్ల ఫొటో పెద్దది వేస్తానని అతను నవ్వుతూ ఒప్పుకున్నాడట. పేరు రాయలేదు. ఆ బుట్ట ఉన్నాక పేరెందుకు?

నాయనంటే గిట్టని ఒక కుర్ర విలేకరి ఆ వ్యాసాన్ని ఫోనులో తెలుగు చేసి విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మన పెద్దాయన గురించి యూరప్‌లో రాశారహో అని కింద చప్పట్ల బొమ్మలు. రెండు రోజుల్లో బస్టాండు ముందున్న టీ హోటలు దాకా పాకింది. నాయన వెళ్లి కూర్చుంటే ఎవరో, "ఏమప్పా, మా ఫొటో గూడా పెద్దదేస్తావా?" అన్నారట. అందరూ నవ్వారట. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని ఇంకొకాయన అన్నాడట. ఆయన ఆ షెడ్డు యజమాని తమ్ముడే. ముప్పై ఏళ్లు పొద్దున్నే ఆ హోటల్లో టీ తాగిన మనిషి అది మొదలు అటు పోలేదు. బుట్టను అటక మీద పెట్టేశాడు.

నేను పరిశోధకుడికి మెయిలు రాశాను. కోపం అంతా దిగమింగుకుని, వ్యాకరణం చూసుకుని మరీ రాశాను. రంగునీళ్ల కథ చేర్చమన్నాను. జవాబు తియ్యగా వచ్చింది. పేరు వాడలేదు కాబట్టి ఎవరికీ హాని లేదట. వ్యాసంలో ఉన్నది మీ నాన్న కాదు, ఒక నమూనా మాత్రమే అన్నాడు. కాకికేం తెలుసు ఎద్దు పుండు నొప్పి? ఆ మెయిలును నేను అచ్చు తీయించి బీరువాలో దాచుకున్నాను. పగ చల్లారినప్పుడల్లా తీసి చదువుకోవచ్చని.

ఆరు నెలల తర్వాత అతనే మళ్లీ రాశాడు. పరిశోధన రెండో విడత మొదలవుతోందట. ఈసారి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, టీవీ ఉందా, ఫోను ఉందా, వార్తలు ఎలా తెలుస్తాయి అని అడగాలట. నాలాంటి అనువాదకురాలు మళ్లీ దొరకదట. నేను వెంటనే ఒప్పుకున్నాను. మా అమ్మ నన్ను వింతగా చూసింది. "నీ మనసులో ఏమో ఉండాది" అంది. ఉంది. కానీ అదేమిటో అప్పటికి నాకే సరిగా తెలియదు. వాడి పక్కన ఉండాలి, వాడు ఎక్కడ జారతాడో చూడాలి. అంతవరకే అనుకున్నాను.

వాడు పెనుకొండ దాటాక మొదటి పల్లెలో, మొదటి ఇంట్లోనే జారాడు.

మా వైపు ఒక అలవాటు ఉంది. చేతిలో కాగితమో ట్యాబో పట్టుకుని, ఇంట్లో ఏమున్నాయని అడుగుతూ ఎవరైనా వచ్చారంటే, అది బియ్యం కార్డు తీసేయడానికే. పింఛను తీసేయడానికే. ఎవరు ఎంత చెప్పినా జనం నమ్మరు. టీవీ ఉందంటే కార్డు పోతుందని ఎక్కడా రాసి లేదు, అయినా అందరి గుండెల్లో రాసి ఉంది. అందుకని వచ్చినవాళ్లు వీధి మొదట్లో ఉండగానే ఇళ్లలో ఉన్నవి లేనివైపోతాయి.

అది ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఇల్లు. మేము అరుగు ఎక్కేసరికి లోపల సీరియలు పాట టక్కున ఆగింది. నేను విన్నాను. పరిశోధకుడూ విన్నాడు, కానీ అతనికి అది ఊరి చప్పుళ్లలో ఒకటి. లోపలికి వెళితే మూలన బల్ల మీద నలుచదరంగా ఏదో ఉంది. దాని మీద పాత చీర కప్పి ఉంది. చీర మీద ఒక చెంబు, రెండు కనకాంబరాలు. అంత తొందరలో పూలు కూడా పెట్టిందంటే అవ్వ మామూలు మనిషి కాదు.

"టీవీ ఉండాదా అవ్వా?" అని అడిగాను.

"టీవీనా? మాకు యాడిది పాపా? టీవీ లేదని రాసుకోండి దొరా" అంది అవ్వ, నన్ను వదిలి నేరుగా అతన్నే చూస్తూ.

అతను మూలకు వేలు చూపించి అదేమిటని అడిగాడు.

"దేవుడు" అంది అవ్వ, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటూ.

మిద్దె మీద డిష్ గొడుగు ఉంది కదా అని అడిగితే అది పక్కింటోళ్లదంది. పక్కింటి మీద ఇంకో గొడుగు ఉంది. ఓట్ల సంగతి ఎట్ల తెలుస్తాదవ్వా అని అడిగితే, "ఎవురన్నా చెప్తే తెలుస్తాది, లేకుంటే లేదు" అంది. పరిశోధకుడు నా వైపు తిరిగాడు. ఆమె చెప్పేది ఖాయమేనా అన్నాడు. ఆ ఒక్కసారి అతను నా అభిప్రాయం అడిగాడు. నా గొంతు దాకా వచ్చింది నవ్వు. చీర కింద నుంచి వైరు వేలాడుతూ గోడలోని ప్లగ్గు దాకా పోయి ఉంది. మా నాయన అటక మీద పెట్టిన బుట్ట గుర్తొచ్చింది. మీకు తెలిసింది నాకు అక్కర్లేదు అన్న మాట గుర్తొచ్చింది. నవ్వు మింగేశాను.

"ఖాయం" అన్నాను.

అతను కారు దగ్గరికి వెళ్లాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. కార్డు పోదు కదా పాపా అని రెండుసార్లు అడిగింది. పోదని చెప్పాక ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మన నియోజకవర్గంలో ఎవరు ఏ పార్టీలోకి దూకారో, పంచాయతీ ఓట్లు ఎందుకు వాయిదా పడుతున్నాయో గడగడా చెప్పింది. "టై కట్టుకుని అరుస్తాడు చూడు, వాడు అబద్ధాలకోరు. ఇంగో చానల్లో ఆడమనిషి చెప్తాది, ఆయమ్మ మేలు" అంది. మా కాలేజీలో సగం మంది లెక్చరర్ల కంటే అవ్వకు రాజకీయం బాగా తెలుసు. కారులో కూర్చుని నేనే ట్యాబులో వివరాలు కొట్టాను. ఎన్నికల సంగతి ఎవరైనా చెబితేనే ఈమెకు తెలుస్తుంది అని రాసి, చుక్క పెట్టి, సేవ్ నొక్కాను. అంత సంతోషంగా నేను ఏ వాక్యమూ రాయలేదు.

ఆ తర్వాత పది పన్నెండు రోజులు తిరిగాం. ముదిగుబ్బ వైపు ఒక గొర్రెల కాపరి ఫోను లేదంటూ ఉండగానే అతని కంబళి మడతలో ఫోను మోగింది. పక్కింటోడు పెట్టిపోయినాడన్నాడు. నేను అదే అనువాదం చేశాను. వాళ్లు చెప్పింది చెప్పినట్టు. అవ్వ ఇంట్లో అన్న ఆ ఒక్క "ఖాయం" తప్ప ఒక్క అక్షరం కలపలేదు. ఏ పేజీ తిప్పినా నా తప్పు ఒక్కటి కూడా దొరకదు.

ఏడాదికి అతను నివేదిక పట్టుకుని వచ్చాడు. తెలుసుకున్నది ఆ ప్రజలకే తిరిగి చెప్పడం వాళ్ల దగ్గర నియమమట. హిందూపురంలో మా కాలేజీ హాల్లోనే సభ. పల్లెల నుంచి జనాన్ని వ్యానుల్లో తెప్పించారు. భోజనం పొట్లాలు ఉన్నాయని తెలిసి ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఊళ్లోని యూట్యూబు చానళ్లవాళ్లు కూడా వచ్చారు. వాళ్లకు ఫోన్లు చేసింది నేనే. నాయనను ధర్మవరం నుంచి పిలిపించాను. రానన్నాడు. ఒక్కసారి వచ్చి చూడు నాయనా, నీకు నచ్చుతుంది అని బతిమాలితే వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

తెర మీద అవ్వ ఇల్లు కనిపించింది. చీర కప్పిన దేవుడు కనిపించాడు. ఈ పల్లెల్లో చాలా ఇళ్లలో టీవీ లేదు, దేవుడి మూల ఉంది, వార్త లేని చోట భక్తి ఉంది అని పరిశోధకుడు చెప్పాడు. నేను మైకులో తెలుగు చేశాను. నెమ్మదిగా, ప్రతి మాటా విడివిడిగా వినపడేలా చెప్పాను. మొదట వెనక నుంచి ఒక కిసుక్కు వచ్చింది. తర్వాత హాలు హాలంతా పగలబడి నవ్వింది.

అవ్వ రెండో వరసలో ఉంది. నేనే కూర్చోబెట్టాను. మైకు పట్టుకెళ్లి ఆమె చేతికిచ్చింది కూడా నేనే. అందరూ నవ్వుతుంటే ఆమెకు హుషారొచ్చింది. లేచి నిలబడి, "అది దేవుడు గాదు నాయనా, టీవీ! ఉండాదంటే కార్డు తీసేస్తారని లేదంటిమి. నువ్వు నమ్మితివి!" అంది. జనం ఈలలు వేశారు. పరిశోధకుడు నా వైపు చూశాడు. ఏమంటోంది అని అడిగాడు. నేను చెప్పాను. నా జీవితంలో అంత మంచి ఇంగ్లీషు మళ్లీ మాట్లాడలేదు. అతని మొహం ఎర్రగా అయి, తర్వాత పాలిపోయింది. మీకు తెలుసా ఈ సంగతి అన్నాడు, మైకుకు దూరంగా జరిగి. నాకు తెలిసింది మీకు అక్కర్లేదన్నారు కదా అన్నాను. ఆ మాట కోసం నేను ఏడాదిన్నర కాచుకున్నాను.

చివరి వరసలో మా నాయన నవ్వలేదు.

సాయంత్రం ప్యాసింజరులో ఆయనను ధర్మవరం దిగబెట్టడానికి వెళ్లాను. పెనుకొండ కొండ కిటికీ పక్కకు వచ్చాక, "సంతోషమైందా?" అన్నాడు.

"నీకు కాలేదా నాయనా? వాడు నిన్ను నలుగుర్లో నవ్వులపాలు చేయలేదా?"

"చేసినాడు. కానీ నా పేరు రాయల్య. నువ్వు ఆ యవ్వను మొగంతో సహా కెమెరాల ముందర నిలబెడ్తివి. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్లుండాది నీ యవ్వారం."

నాకు ఒళ్లు మండింది. నీ కోసమే కదా చేశాను అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి, "రంగునీళ్ల వార్త రాసేటప్పుడు, నీళ్లు పట్టుకుంటా ఉండే ఆడోళ్ల ఫొటో గూడా నేను ఎయ్యల్య. షెడ్డోళ్లు వాళ్ల మీదికి పోతారని" అన్నాడు. ధర్మవరంలో దిగాక బస్టాండు హోటలు వైపు వెళదామా అన్నాను. వద్దన్నాడు.

మరుసటి రోజుకల్లా అవ్వ అన్ని ఫోన్లలోనూ ఉంది. యూరప్ దొర చెవిలో పువ్వు పెట్టిన అవ్వ అని పైన పెద్ద అక్షరాలు. నేను కూడా చూసి నవ్వుకున్నాను. కార్డు తీసేస్తారని లేదంటిమి అన్న ముక్కను పదే పదే తిప్పి చూపించారు. నాకు మెచ్చుకోళ్లు వచ్చాయి. నాయన మాట చేదుగా తగులుతున్నా, పగ తీరిన తీపి కింద దాన్ని తొక్కిపెట్టాను.

తీరిందని అనుకున్నాను. నాలుగు నెలలకు పరిశోధకుడి కొత్త వ్యాసం వచ్చింది. పేదవాళ్లు అధికారానికి అబద్ధం చెప్పి తమను ఎలా కాపాడుకుంటారన్నది విషయం. అవ్వ మాటలే మొదటి పేరా. మొదటి వ్యాసం కంటే దీనికే ఎక్కువ పేరు వచ్చిందట, అతనే మెయిలు రాశాడు. చివర కృతజ్ఞతల్లో నా పేరు ఉంది, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. మీ మౌనం నాకు గొప్ప పాఠం అన్నాడు. పట్టు ఊరి ఎర్ర బుట్ట పెద్దాయన మాత్రం పాత వ్యాసంలో అలాగే ఉన్నాడు. నా కత్తితోనే వాడు పండు కోసుకుని తిన్నాడు. ఆ మెయిలుకు నేను జవాబు ఇవ్వలేదు. ఇవ్వను.

ఆ కోపంలోనే ఒక ఆదివారం పెనుకొండ బస్సెక్కి అవ్వ దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పుడైనా నిజం చెప్పాలి. ఆ సభ రోజును ఆమెతో కలిసి ఇంకోసారి నవ్వుకోవాలని వెళ్లాను.

లోపల పాట లేదు. మూలన బల్ల మీద చీర లేదు, చెంబు లేదు, టీవీ లేదు. దేవుడి పటం ఉంది. ముందు దీపం కుందె ఉంది.

"ఇప్పుడు నిజంగానే దేవుణ్ణి పెట్టినా పాపా" అంది అవ్వ.

వీడియో చూసినవాళ్లంతా వచ్చి, నువ్వే నీ నోటితో ఒప్పుకుంటివి, ఇంక నీ కార్డు నిలవదు అని భయపెట్టారట. ఏ ఆఫీసూ అడగలేదు, ఏ మనిషీ విచారించడానికి రాలేదు. అయినా ఆమె వారం రోజులు అన్నం సరిగా తినలేదట. కడకు చిలమత్తూరు నుంచి కూతుర్ని పిలిపించి టీవీని ఆటోలో పంపేసింది. మిద్దె మీది గొడుగును కూడా విప్పించింది. కార్డుకు ఏమీ కాదవ్వా, తెప్పించుకో అని చెప్పాను. ఊరి సచివాలయానికి తీసుకెళ్లి వాళ్లచేతనే చెప్పిస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నువ్వు ఆ పొద్దూ పోదనే చెప్తివి పాపా" అంది. కోపంగా అనలేదు. కాఫీ పెట్టడానికి లేస్తూ అంది. కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "నాకు ఇంగ్లీషు రాదు. నీ మొగమే చూస్తాంటి. దేవుడని చెప్పినప్పుడు నువ్వు నగుతావనుకుంటి. నువ్వు నగింటే నేను గూడా నగేసి, ఉండాది లే నాయనా అని చెప్పేసేదాన్ని. నువ్వు నగల్య" అంది.

నేను కాఫీ తాగాను. బస్సు వేళయిందన్నాను. ఆమె అరుగు దాకా వచ్చి, మెట్టు మీద నిలబడి అడిగింది.

"అవును పాపా, ఓట్లు ఎప్పుడంట? ఏమన్నా చెప్తాండారా? ఇప్పుడు నాకు ఎవురన్నా చెప్తేనే గదా తెలిసేది."

ట్యాబులో నేను కొట్టి చుక్క పెట్టిన వాక్యం అది. ఆ రోజు అబద్ధం. మెట్టు మీదే నిలబడి, నాకు తెలిసినదంతా ఆమెకు చెప్పాను. బస్సు వచ్చి పోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.